సర్వం సూర్యార్పణం

కొన్ని కోపాలకు కాలదోషం పట్టదు. ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ చివరి భాగం 2009 మార్చి 20న అమెరికాలో సై-ఫై ఛానల్లో వచ్చింది. మంచి సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఏదైనా చెప్పమని ఎవరు అడిగినా ఇప్పటికీ దాని పేరు చెప్పక తప్పదు. చెప్పాక ‘ముగింపు ఒక్కటే...’ అని నసగకా తప్పదు. చెత్త సిరీస్ చెత్తగా ముగిస్తే ఎవరికీ కోపం రాదు, మర్చిపోతాం. నాలుగు సీజన్ల పాటు మనల్ని తెలివైనవాళ్లుగా చూసి, ఆఖరి గంటలో చంటిపిల్లల్ని చేసి జోకొట్టినప్పుడే ఒళ్లు మండుతుంది. కథ ముందే తెలిసిపోతుందని బెంగపడేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. మిగతావాళ్లకు సంగతి తెలుసు. సైలాన్లనే యంత్రజాతి పన్నెండు గ్రహాల మనుషుల్ని తుడిచిపెట్టేస్తే, మిగిలిన యాభై వేల మంది ఓడల్లో పడి పారిపోతూ భూమిని వెతుక్కున్నారు. అది దొరికింది. దొరికాక ఏం చేశారన్నదే నా ఫిర్యాదు. ఓడలన్నిటినీ సూర్యుడిలోకి తోలేశారు.

ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆ సిరీస్ గొప్పతనమంతా ఒక్క నియమం మీద నిలబడింది. ఏ నిర్ణయమూ ఊరికే జరిగిపోదు, దానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి. 2003 నాటి మినీ సిరీస్ నుంచీ నిర్మాతలు రోనాల్డ్ డి. మూర్, డేవిడ్ ఐక్ ఈ నియమాన్ని వదల్లేదు. నీళ్ల ట్యాంకులు పేలితే నీళ్లకోసమే ఒక ఎపిసోడ్ నడిచింది. ఇంధనం శుద్ధిచేసే ఓడలో కూలీలు సమ్మె కట్టారు. విద్యామంత్రిగా ఉండి, పైనున్న 42 మందీ పోవడంతో ప్రెసిడెంటైన లారా రోస్లిన్, జనాభా తగ్గిపోతోందని గర్భస్రావాన్ని నిషేధించి తన సిద్ధాంతాన్ని తానే మింగింది. ఎన్నికల్లో రిగ్గింగుకు దిగి, చివరి నిమిషంలో ఆగింది. బతికున్నవాళ్ల లెక్క తెల్లబోర్డు మీద రాసుకునేది, ఎవరైనా పోతే అంకె చెరిపి దిద్దేది. ముగింపుకు కొద్ది వారాల ముందు కూడా, సైలాన్లలో ఒక వర్గంతో పొత్తు కుదరదని ఓడలో తిరుగుబాటు లేచి తుపాకులు పేలాయి. ఇవన్నీ చూసే ఐక్యరాజ్యసమితి 2009 మార్చి 17న తన న్యూయార్క్ కార్యాలయానికి నటులనూ నిర్మాతలనూ పిలిచి ఈ సిరీస్ లేవనెత్తిన ప్రశ్నల మీద చర్చ పెట్టింది. సరిగ్గా మూడు రోజులకు సిరీస్ అన్ని ప్రశ్నలకూ కలిపి ఒకే జవాబిచ్చింది: సూర్యుడు ఎటువైపు?

ఆ ఆలోచన ప్రతిపాదించినవాడు గెలాక్టికా ఓడ అధిపతి కొడుకు లీ అడామా. మన తెలివి మన మంచితనాన్ని దాటిపోయింది, ఊళ్లూ ఓడలూ మనకొద్దు, ఈ పచ్చిక మైదానాల్లో మొదటినుంచీ మొదలెడదాం అన్నాడు. అందరూ సరే అన్నారు. అందరూ! అపార్ట్‌మెంటు లిఫ్టుకు ఏ రంగు వెయ్యాలో తేల్చడానికి మూడు మీటింగులూ ఒక వాట్సాప్ యుద్ధమూ పట్టే మానవజాతిలో, నలభై వేలకు కాస్త తక్కువమంది ఏకగ్రీవంగా పెన్సిలిన్‌కు నీళ్లొదిలారు. పోనీ, పెన్సిలిన్ పెద్ద మాట. పన్ను సంగతే చూద్దాం. మనిషికి 32 చొప్పున ఆ జనాభాకు సుమారు 12 లక్షల పళ్లు. చంటిపిల్లలకు ఇంకా రానివీ, ముసలివాళ్లకు ఊడిపోయినవీ, తిరుగుబాటులో రాలినవీ తీసేసినా 10 లక్షలకు తగ్గవు. 10 లక్షల పళ్లున్న సమాజం దంతవైద్యుడి కుర్చీని, ఆ కుర్చీకి కరెంటిచ్చే ఓడతో సహా సూర్యుడికి సమర్పించుకుంటుంటే ఒక్క నోరైనా లేవదా? వాటిలో జ్ఞానదంతాలే లక్ష దాటతాయి, అవి ఆ రోజు ఏం చేస్తున్నట్టు? పుచ్చిన పంటికి తత్వశాస్త్రం ఎక్కదు. అర్ధరాత్రి దవడ పట్టుకుని గుడిసెలో దొర్లుతున్నవాడి దగ్గరికెళ్లి ‘మనం కాలచక్రాన్ని భగ్నం చేశాం’ అని చెబితే, ముందుగా భగ్నమయ్యేవి చెప్పినవాడి పళ్లే. లీ తండ్రి పెద్ద అడామా కళ్లజోడు పగిలితే? చేతిలో సిగరెట్ లేకుండా కనబడని డాక్టర్ కాటిల్‌కు పెట్టె ఖాళీ అయితే? కాన్పు కష్టమైతే? అంత జనంలో తనకు వ్యవసాయం తెలుసని మన ముందు చెప్పినవాడు శాస్త్రవేత్త బాల్టార్ ఒక్కడే, అదీ కళ్లనీళ్లు పెట్టుకుంటూ. సేద్యమంటే ఏమిటో తెలిసినవాడి ఏడుపది. జనం ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేమిటని ఎపిసోడ్‌లోనే ఒక పాత్ర ఆశ్చర్యపోతుంది. పాతదంతా తుడిచేసుకోవాలన్న కోరిక చాలా బలమైనదని జవాబొస్తుంది. అంటే కన్నం రచయితలకూ కనబడింది. పూడ్చకుండా, దానిమీద ఒక డైలాగు పరిచి దాటిపోయారు.

సమర్థించేవాళ్లకు ఇక్కడో వాదం ఉంది. మనిషి యంత్రాన్ని చేస్తాడు, అది తిరగబడుతుంది, ప్రళయం వస్తుంది, మళ్లీ అదే కథ. ఆ చక్రం ఆగాలంటే యంత్రాన్ని వదలాల్సిందేగా అంటారు. వాదం బాగానే ఉంది, చక్రం ఆగిందా? ఆ ఎపిసోడే చివర్లో మనల్ని 1,50,000 ఏళ్లు ముందుకు లాక్కొచ్చి, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నిలబెట్టి, టీవీల్లో చిందులేసే రోబోల్ని చూపిస్తుంది. త్యాగం చేయించినవాళ్లే అది వృథా అని సాక్ష్యం చెప్పారన్నమాట. ఓడలు దిగిన చోటున్న ఆదిమ తెగలకు మనలోని మంచినీ భాషనూ ఇస్తే చాలని లీ అంచనా. ఇచ్చిన ఆనవాళ్లేవి? ఈ భూమ్మీద వ్యవసాయం మొదలై సుమారు 12,000 ఏళ్లు, రాత మొదలై 5,000 ఏళ్లకు పైచిలుకు. ఆ లెక్కన బాల్టార్ చల్లిన విత్తనం 1,38,000 ఏళ్ల పాటు మొలకెత్తలేదు. చేసిన తప్పుల లెక్కాపత్రాన్ని తగలబెట్టినవాడు అవే తప్పులు మళ్లీ చేయడని ఏమిటి నమ్మకం? మర్చిపోవడం పశ్చాత్తాపం కింద రాదు. ఇక మనిషికీ సైలాన్‌కూ పుట్టిన హేరా అనే పాప ఎముకలు టాంజానియాలో దొరికాయనీ, ఆమే మైటోకాండ్రియల్ ఈవ్ అనీ ఒక పత్రిక కథనంగా చదివించడం మరో విడ్డూరం. ఆ ఈవ్ 1987 నాటి పరిశోధనలో మన కాలపు మనుషుల డీఎన్‌ఏను పోల్చి, వెనక్కి లెక్కగట్టగా తేలిన ఉమ్మడి తల్లి. ఎముకను చూసి ‘ఈవిడే’ అని గుర్తుపట్టే వీలు లేదు.

రెండో సమర్థన దేవుడు. మొదటినుంచీ దేవతలూ దర్శనాలూ ఉన్న కథలో చివర దేవుడొస్తే తప్పేమిటంటారు. ఉన్నమాట నిజమే. టైటిల్స్‌లో వినిపించేది సాక్షాత్తూ గాయత్రీ మంత్రం, వినగానే తెలుగువాడు కాళ్లు సర్దుకుని కూర్చుంటాడు. మా బుద్ధిని ప్రేరేపించమని సవితృదేవుణ్ణి వేడుకునే మంత్రమది. సీజన్ల తరబడి ఆ ప్రార్థన మోగించి, చివరికి ఓడలన్నీ ఆ సూర్యుడికే ముట్టజెప్పారు. బుద్ధి మాత్రం ఇంకా రావాల్సి ఉంది. కథలో దేవుడు ఉంటే నాకేం బాధ లేదు, రచయితల బాకీలన్నీ ఆయన నెత్తిన రుద్దితేనే బాధ. తన శవాన్ని తానే కళ్లారా చూసుకున్న పైలట్ స్టార్‌బక్, తనెవరో చెప్పకుండానే, లీతో మాట్లాడుతూ మాట్లాడుతూ పచ్చికలో మాయమైపోతుంది. సైలాన్లకు ఒక ప్లాన్ ఉందని టైటిల్స్‌లో ఊరించారు. ముగింపులో అది లేదు. ‘ది ప్లాన్’ అనే సినిమా అదే ఏడాది అక్టోబరులో డీవీడీగా వచ్చింది, కథ ముగిసిన ఏడు నెలలకు! దేవుడితో ముగించడమెలాగో మన పురాణానికి తెలుసు. హిరణ్యకశిపుడి వరంలోని ప్రతి షరతునూ నరసింహుడు సంధ్యవేళ, గడప మీద, గోళ్లతో ఒక్కొక్కటిగా తీర్చాడు. ఒక్క బాకీ మిగల్లేదు.

మూడో సమర్థన గట్టిది. కథకంటే మనుషులు ముఖ్యమంటారు. ముగింపు ముడిపడక తన్నుకులాడుతున్నప్పుడు ఆ అర్థం వచ్చే మాటే బోర్డు మీద రాసుకున్నానని మూర్ కూడా చెప్పాడు. ఒప్పుకుంటాను. కింద జంతువుల మందల్ని చూస్తూ, చిన్న విమానంలో పెద్ద అడామా పక్కన రోస్లిన్ ప్రాణం వదిలే దృశ్యానికి వంక పెట్టలేం. మనుషులు ముఖ్యమైతే వాళ్ల గుర్తులూ ముఖ్యం కావాలి కదా. గెలాక్టికా ఓడ నడవలో ఒక గోడ ఉండేది, చనిపోయినవాళ్ల ఫొటోలన్నీ అంటించిన గోడ. ఓడ ఖాళీచేసేటప్పుడు ఎవరి ఫొటో వాళ్లు తీసుకున్నారు, గోడ ఓడతో పాటే కాలిపోయింది. అలసిన మనిషికి పుట్టే కోరికే ఇది. అప్పులూ పాత తగాదాలూ, వాటితోపాటు జ్ఞాపకాలూ పోతే పోనీ, ఒక ఖాళీ మైదానం దొరికితే చాలనుకుంటాం. ఆ కోరిక ఎప్పుడూ కలగనివాళ్లు ఉండరు. ఏళ్ల తరబడి ఒకే కథ రాసిన రచయితలకూ కలిగే ఉంటుంది. అయితే ఆ మైదానానికి వెళ్లేది మళ్లీ మనమే. చనిపోయినవాళ్ల ముఖాలు చూసుకోవడానికి అక్కడ గోడ ఉండదు, అంతే తేడా.

అందుకే నా మాటగా ఇది వినండి. సిరీస్ మొత్తం చూడండి, చివరి భాగంతో సహా. హేరాను విడిపించే యుద్ధమూ, రోస్లిన్ మరణమూ వదులుకోదగ్గవి కావు. ఓడలు సూర్యుడివైపు తిరిగినప్పుడు మాత్రం, మీరూ ఆ జనంలో ఒకరనుకుని చెయ్యెత్తండి. ఆ తీర్మానానికి వ్యతిరేకంగా ఒక్క ఓటైనా పడాలి.