చార్జింగ్ యాత్ర

రైల్లో ప్రకృతి అందాలు, దిగాక ఎలక్ట్రిక్ బైకుపై షికారు... ఈ సరదా మనవాళ్లకూ పట్టుకుంది. అహోబిలం టూరు ప్లాన్ అదిరింది! గిద్దలూరు దాటగానే నంద్యాల రైలు నల్లమల అడవిలోకి దూరుతుంది. దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె... చుట్టూ అడవే. కిటికీ సీటు కోసం పోట్లాడిన బాబు మాత్రం సెల్లులో స్విట్జర్లాండ్ రైలు రీల్ చూస్తుంటాడు. బొగద సొరంగంలో సిగ్నల్ పోయాక గానీ తలెత్తి బయటికి చూడడు. అప్పుడు కనిపించేది చీకటి!

నంద్యాలలో దిగి, అహోబిలం దారిలోని ఆళ్లగడ్డకు రైలెక్కుదామంటే అక్కడికి పట్టాలే లేవు. 2016లో మొదలైన ఎర్రగుంట్ల లైను సైతం బనగానపల్లె, కోవెలకుంట్ల వైపు తిరిగి చక్కా పోయింది. సరే, బైకుంది కదా! సుమారు 40 కిలోమీటర్లు హైవే మీద రయ్యిమని పోయి, ఆళ్లగడ్డలో చార్జింగ్ కోసం వెతుకులాట. అక్కడ విగ్రహాలు చెక్కే శిల్పుల షెడ్డులో ప్లగ్గు ఉంటుంది గానీ, దానికి రాళ్లు కోసే మిషన్ తగిలించి ఉంటుంది. దేవుడి విగ్రహాన్ని ఆపి మన బండికి కరెంటు ఇమ్మంటామా?

తీరా ఎగువ అహోబిలం చేరాక జ్వాలా నరసింహుడి గుడికి దారంతా బండలూ వాగులే. అక్కడ ఏ బ్యాటరీ పనిచేయదు, పిక్కబలమే దిక్కు. కనుక టూరు బాబులూ, బైకుతోపాటు మోకాళ్లకూ రాత్రే చార్జింగ్ పెట్టుకుని రండి!