రాకెట్టు వ్యాకరణము

తెలుగు వ్యాకరణమున 'మేము' అనియు 'మనము' అనియు ఉత్తమపురుష బహువచనములు రెండు కలవు. వినువానిని గడప బయట నిలిపి చెప్పునది మొదటిది, వానిని కూడ పంక్తిలో కూర్చుండబెట్టుకొని చెప్పునది రెండవది. ఇంగ్లీషువారికిని హిందీవారికిని లేని ఈ సౌకర్యమును మన పూర్వులు ఏ మహత్కార్యమును ఉద్దేశించి కల్పించిరో నాకు చిరకాలము బోధపడలేదు. మా నెల్లూరిలో రెండిండ్ల అవతల నివసించు చిన్నాయనగారు రాకెట్టు ప్రయోగములపై వెలిబుచ్చు అభిప్రాయములను 2008 నుండి శ్రద్ధాభక్తులతో వినుచు వచ్చిన మీదట, ఇప్పటికి బోధపడినది.

చిన్నాయనగారు మాకు బంధువులు కారు, వీధికంతటికిని చిన్నాయనే. ప్రభుత్వోద్యోగమునుండి విశ్రాంతి పొందిన నాటినుండి వారు ఉదయము రెండు దినపత్రికలను, సాయంకాలము మూడు వార్తా చానళ్ళను సేవించి, అంతరిక్షమున ఏ దేశమువాడు ఏమి ఎగురవేసినను, అది ఏల ఎగిరెనో, ఎట్లు ఎగురవలసియుండెనో అరుగుమీద కూర్చుండి తీర్పు చెప్పుచుందురు. శ్రీహరికోట మా ఊరికి సుమారు నూరు కిలోమీటర్లు. ప్రయోగమును ప్రజలు చూచుటకై అచట 2019 నుండి ఒక గ్యాలరీ కూడ నున్నది. ఐనను వారు సూళ్ళూరుపేట దాటి పులికాటు సరస్సు మీది రోడ్డున ఒకనాడును పోయినవారు కారు. ప్రయోగదినమున మిద్దె యెక్కి, దక్షిణాభిముఖులై, కొబ్బరిచెట్ల తలలమీదుగా లేచు నిప్పుచుక్కను నుదుట అరచేయి అడ్డము పెట్టుకొని చూచి, అది మేఘములలో మాయమైన తోడనే క్రిందికి దిగి, "మన పని అయిపోయిందబ్బయ్యా" అని కాఫీ అడుగుదురు. 2022 ఏప్రిల్ నెలలో జిల్లాలను పునర్విభజించి సూళ్ళూరుపేటతో పాటు శ్రీహరికోటను తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు వారము దినములు వారికి అన్నము సహింపలేదు. "ఏందబ్బయ్యా ఇది! లోకమంతా మనల్ని చూసి కుళ్ళుకునే రాకెట్టును తీసుకపోయి పక్కజిల్లా వాళ్ళ చేతిలో పెట్టినారు" అని వాపోయిరి.

వారి వ్యాకరణమున మొదటి సూత్రమును నేను 2025 జనవరి 29వ తేదీ బుధవారమునాడు కనుగొంటిని. ఆనాటి ఉదయము 6 గంటల 23 నిమిషములకు జీఎస్‌ఎల్‌వీ లేచినది; శ్రీహరికోటనుండి అది నూరవ ప్రయోగము. "సెంచరీ కొట్టినాం!" అని చిన్నాయనగారు వీధి వీధియంతయు వినునట్లు కేక వేసిరి, ఆ నూరు పరుగులలో తమ బ్యాటునుండి వచ్చినవెన్నియో మాత్రము సెలవీయలేదు. రాకెట్టు తన పని తాను నిర్దుష్టముగనే చేసినది. కాని ఉపగ్రహమునందు ఇంధనము మండుటకు వలయు ఆక్సిడైజరును లోనికి విడువవలసిన వాల్వులు తెరచుకొనకపోవుటచే, దానిని అనుకొన్న కక్ష్యకు చేర్చుట సాధ్యము కాలేదని ఆదివారము ఇస్రో ప్రకటించినది. సోమవారము ఉదయము అరుగుమీద వినవచ్చిన వాక్యమిది: "చూసినావా, వాళ్ళకి ఒక వాల్వు తిప్పను చేతగాలా." బుధవారము ఉత్తమపురుషలో నున్న ఉపగ్రహము ఆదివారము గడచుసరికి ప్రథమపురుషలోనికి జారిపోయినది. కక్ష్య మారకపోయినను పురుష మారినది.

సూత్రము దొరికిన తరువాత పాత ఉదాహరణములన్నియు వాటంతట అవియే జ్ఞప్తికి వచ్చినవి. 2019 సెప్టెంబరు 7వ తేదీ తెల్లవారకమునుపే, చంద్రయాన్-2 లోని విక్రమ్ చంద్రోపరితలమును సమీపించుచుండగా సంకేతములు ఆగిపోయినప్పుడు, "వాళ్ళ వల్ల కాదని నేను ముందే చెప్పలా?" అని టీవీ కట్టివేసిరి. 2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు చంద్రయాన్-3 దక్షిణధ్రువ ప్రాంతమున దిగినప్పుడు, "దిగేసినాం!" అని వాకిట టెంకాయ కొట్టి, చిప్పలోని నీళ్ళు నా చొక్కామీద చిందించిరి. ఈ రెండు వాక్యముల నడుమ నాలుగేండ్లు కలవు. ఆ నాలుగేండ్లును ఆ 'వాళ్ళు' ఏ భాగము ఎట్లు చెడగలదో ముందుగనే ఊహించి, చెడినను కూలకుండునట్లు దిగుడుబండిని తిరిగి కట్టిరి. కాళ్ళకు బలము పెంచిరి. ఇంధనము అదనముగా నింపిరి. అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పుగా నుండిన దిగుడుచోటును నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పునకు రమారమి విస్తరించిరి. చిన్నాయనగారు ఆ నాలుగేండ్లును అంగారకుని మీద ఇండ్లస్థలముల ధర ఎంత పలుకునో ఆలోచించుచుండిరి.

అంగారకుడన్నచో జ్ఞప్తికి వచ్చినది. 2014లో మంగళయాన్ గమ్యము చేరిన పిదప, 65 కోట్ల కిలోమీటర్ల ప్రయాణమునకు కిలోమీటరుకు ఏడేసి రూపాయలే పడినవనియు, అహమ్మదాబాదు ఆటోకన్న అది చౌకయనియు ప్రధానమంత్రి ప్రసంగించినారు గదా. ఆ మరునాటినుండి చిన్నాయనగారికిని మా ఊరి ఆటోలవారికిని సంధి కుదరలేదు. "అంగారకుడికే ఏడు రూపాయలైతే ట్రంకురోడ్డుకి నీకు నలభయ్యా?" అని వారడుగగా, "అయితే అందులోనే పోండి సార్" అని ఒక కుర్రవాడు బండి కదిలించినాడు.

ఇక అసలు కథ. పొదలకూరు దాపున చిన్నాయనగారును నేనును చెరిసగము పెట్టుబడి పెట్టి కొనిన నిమ్మతోట యొకటి కలదు. మొన్నటి వేసవిలో పాతబావి ఎండి ఆకు ముడుచుకొనగా బోరు వేయింపవలెనని నిశ్చయించితిమి. ఆ దినమున కారులో పోవుచున్నంతసేపును చిన్నాయనగారు చంద్రయాన్-1 మహిమను వర్ణించిరి. "చంద్రుడి మీద నీళ్ళు కనిపెట్టింది ఎవరనుకున్నావు? మనమే!" ఆ నీటి జాడను పట్టుకొన్న ముఖ్యపరికరము నాసావారిది, మోసికొనిపోయిన నౌక ఇస్రోది, కావున అమెరికావారిని కూడ పంక్తిలో కూర్చుండబెట్టుకొన్నచో ఈ ఒక్క చోట 'మనము' నిర్దుష్టప్రయోగమే యని నేను మనసులో సంతోషించితిని.

తోట చేరుసరికి, చిన్నాయనగారు కబురుపెట్టిన నీళ్ళు చూచువాడు గట్టుమీద సిద్ధముగా నుండెను. పీచు ఒలిచిన టెంకాయను అరచేతిలో అడ్డముగా పరుండబెట్టుకొని, చెప్పులు విడిచి, చెట్ల వరుసల నడుమ మెల్లమెల్లగా నడచుచుండగా, ఈశాన్యమూలకు వచ్చుసరికి ఆ టెంకాయ గిరుక్కున లేచి నిలువుగా నిలిచినది. చిన్నాయనగారి కన్నులు చెమర్చినవి. హైదరాబాదు బాలానగరములోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఉపగ్రహచిత్రములను ఆధారముగా గొని భూగర్భజలములు ఎక్కడెక్కడ దొరకవచ్చునో పటములే గీసియుంచిరనియు, ఒకమారు వానిని చూచి, భూగర్భజలశాఖవారిని అడిగి, పిమ్మట తవ్వింపవచ్చుననియు నేను సణిగితిని. "ఇస్రో వాళ్ళే ప్రయోగానికి ముందు రాకెట్టు బొమ్మను తిరుమలకి తీసుకపోతారు, సూళ్ళూరుపేటలో చెంగాళమ్మకి మొక్కుతారు. నా టెంకాయకేం తక్కువబ్బయ్యా?" అని వారు నిలదీసిరి. లెక్కలన్నియు ముగించి కొండకు పోవుట వేరు, లెక్కలకు బదులుగా టెంకాయ పట్టుట వేరు అని సమాధానము నా నాలుక చివరనే యుండినది. కాని నేను పలుకలేదు. పెద్దవారితో వాదమేల యనుకొంటినని చెప్పుకొనవచ్చును గాని, నిజమునకు ఆ టెంకాయ లేచినప్పుడు నాకును ఒడలు పులకరించినది. నా వంతు సొమ్ము నేనే లెక్కపెట్టి ఇచ్చితిని.

మూడువందల అడుగులు దిగిన తరువాత కూడ గొట్టమునుండి బూడిదవంటి రాతిపొడియే లేచి మా ఇద్దరి తలలను సమానముగా తెల్లగా చేసినది. తిరుగుప్రయాణమున చిన్నాయనగారు చాలసేపు మౌనము వహించి, గూడూరు రోడ్డు కలియుచోట, "నువ్వు వేయించిన బోరు ఇట్టా అయిందేందబ్బయ్యా" అనిరి. మధ్యమపురుష కూడ వారి వ్యాకరణమున కలదని అప్పుడు తెలిసినది.

ఆ రాత్రి అరుగుమీద వారికి నేనొక పాతకథ చెప్పితిని. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రెండవ దశలో అదుపు తప్పి బంగాళాఖాతమున కూలినది. ఆ పథకమునకు నాయకుడు అబ్దుల్ కలామ్. నాడు పత్రికలవారి ముందునకు వచ్చి వైఫల్యమును తన మీద వేసికొన్నవాడు మాత్రము ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. మరుసటి యేడు జూలై 18న అదే రకపు రాకెట్టు రోహిణిని కక్ష్యలో నిలిపినప్పుడు ఆయన తాను ముందునకు రాక, పత్రికలవారితో మాటలాడుమని కలామ్‌ను పంపెను. ఈ సంగతిని కలామ్ జీవితాంతము సభలలో చెప్పుచు వచ్చినారు. కూలినప్పుడు ఉత్తమపురుష, గెలిచినప్పుడు ప్రథమపురుష: చిన్నాయనగారి వ్యాకరణమును తలక్రిందులు చేసినచో వచ్చు వ్యాకరణమిది. శ్రీహరికోట కేంద్రమునకు 2002 నుండి ధావన్ పేరే యున్నది.

చిన్నాయనగారు కథ పూర్తిగా విని, కండువతో కన్నులొత్తుకొని, గద్గదస్వరమున, "అదబ్బయ్యా మన ధావన్ అంటే!" అనిరి.

నిమ్మతోట ఈశాన్యమూల బోరుగుంతమీద నేటికిని బండ కప్పియే యున్నది. అది ఎవరిదో ఇంకను తేలలేదు.