అంకుల్ వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము:
"అంకుల్, స్వల్ప పక్కకి జరగండి, ఫ్రేమ్‌లో పడుతున్నారు!"

అవతారిక: బెంగళూరు లాల్‌బాగులో ఆగస్టు పూల ప్రదర్శన వేళ, గ్లాస్‌హౌస్ ఎదుట ఒక నాయిక లెహంగా ధరించి నిలిచియుండగా, ఫోను చేతబట్టి నేలపై బోర్లపడుకొన్న నాయకుడు, వెనుక నిలబడి సెనక్కాయలు తినుచున్న పెద్దాయనతో పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థము: అంకుల్ = ఏ చుట్టరికమును లేని ఓ పెద్దమనిషీ (నాయకునకును నలుబది దాటినవని గమనింపదగును); స్వల్ప = ఎంత దూరమైనను (బెంగళూరు తెలుగున ఈ కన్నడ మాటకు హద్దు లేదు); పక్కకి = ఏ పక్కకో చెప్పలేదు, రెండు పక్కల వేరే జంటలుండుటచేత; జరగండి = తొలగుడు; ఫ్రేమ్‌లో = పైసా చెల్లింపకయే నాదైన స్థలమందు; పడుతున్నారు = నూతిలో పడినట్లు పడుచున్నారు.

తాత్పర్యము: అయ్యా, మీరు ఉన్నారు. అదియే చిక్కు.

నాయికావిచారము: ఈమె వాసకసజ్జిక. సింగారించుకొని ఎదురుచూచుచున్నది, అయితే నాయకుని కొరకు గాదు, అయిదున్నర ఎండ కొరకు. నాయకుడు అనుకూలుడే. చొక్కాకు మట్టి అంటినను లేవడు.

విశేషములు: 1838లో ఫోటోగ్రఫీ ఆద్యులలో ఒకడైన డాగేర్ తన కిటికీనుండి ప్యారిస్ వీధినొకదానిని చిత్రముగా పట్టెను. పలకపై వెలుగు ముద్రపడుటకు నిముషములు పట్టెడి కాలమది గనుక, కదలుచున్న బండ్లు, గుర్రములు, బాటసారులు అందరును మాయమైరి. ఒక మూల బూట్లకు పాలిష్ చేయించుకొనుచు కదలక నిలిచినవాడు మాత్రము మిగిలెను. నాడు కదిలినవాడు చిత్రమునుండి జారిపోయెను, నిలిచినవాడు చరిత్రకెక్కెను. నేడు సెకనులో వేయవ వంతు చాలును గావున కదలువానితో పేచీ లేదు, నిలిచినవాడే అపరాధి. మన అంకుల్ నూట ఎనుబది ఏండ్లు ఆలస్యముగా సెనక్కాయలు తినుచున్నాడు.

ఫోటోగ్రఫీ కళ కాదు, కళలకును శాస్త్రములకును ఊడిగము చేయవలసినదని 1859లో ఫ్రెంచి కవి బోద్లేర్ పూర్వపక్షము చేసెను. అది నిలువలేదు. హైదరాబాదులో ఆరవ నిజాము ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్‌కు ముసవ్విర్ జంగ్ బిరుదమే ఇచ్చెను. బెంగళూరు కస్తూర్బా రోడ్డున 2023లో మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ తలుపులు తెరచినపుడు జ్యోతి భట్ తీసిన పల్లెల చిత్రములు గోడకెక్కినవి. ముగ్గులు, గోడబొమ్మలు, వాటి చెంత మనుషులు. ఆయన ఆ మనుషులను పక్కకు జరుగుడని యుండినచో వట్టి గోడలు మిగిలెడివి. డెక్కన్ హెరాల్డులో ఉద్యోగము చేసిన మైసూరు ఛాయాచిత్రకారుడు టి.ఎస్. సత్యన్ జీవితమంతయు సామాన్యులనే వెదకి తీసెను. ఈ తోటలో ఆయన యుండినచో లెహంగాను దాటి పోయి సెనక్కాయల పొట్లము దగ్గర ఆగియుండునని ఈ వ్యాఖ్యాత పందెము.

ఈ తోటలోనే ఉన్న కెంపేగౌడ గోపురము క్రింది బండకు దాదాపు 300 కోట్ల ఏండ్లు. దానిని జరుగుమన్నవారు నేటివరకు లేరు. అందరి ఆల్బములలోను అది ఉచితముగా పడియున్నది. కావున ఫ్రేములో పడుట దోషము కాదు, జరుగగలవాడై యుండుట దోషము.

ఇంకొక మాట. ఇప్పటి ఫోనులలో అడ్డుపడినవారిని వ్రేలితో తుడిచివేయవచ్చును. అది తెలిసియు నోరు తెరచి అడిగినాడు గనుక నాయకుడు మర్యాదస్థుడే. అడుగకయే తుడిచివేయబడినవారు ఈ తోటలో ఎందరో. వారు జయనగరపు ఇండ్లకు పోయి కాఫీ త్రాగుచున్నారు, తమకు మోక్షము కలిగినదని ఎరుగరు.

పాఠాంతరము: "అంకుల్, మా ఇద్దరికీ ఒక్క ఫోటో తీస్తారా?" అని కొన్ని ప్రతులలో కలదు. ఇది ప్రక్షిప్తమని పండితులు త్రోసిపుచ్చిరి. మేము దీనినే గ్రహించితిమి. ఏలననగా ఈ పాఠమున అంకుల్ బొటనవ్రేలైనను ఫ్రేములో పడును.