తువ్వాలు వేయని ప్రయాణం

వియత్నాంలో తొమ్మిది రోజులు తిరిగొచ్చాం. ఒకే ఒక్కసారి తప్ప ఎవర్నీ దారి అడగలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, కడుపు మండి చెబుతున్నాను.

తీసుకెళ్లింది మా మనవడు. వీసా మంచం మీద పడుకునే తెప్పించాడు, మనిషికి 25 డాలర్లు. నా మొదటి పాస్‌పోర్టుకు నేను కాగితాల కట్ట పట్టుకుని, సంతకం పెట్టే గెజిటెడ్ ఆఫీసరు ఇంటి అరుగు మీద రెండు పూటలు కూచున్నాను. ఆయన పూజ ముగిసే లోపల వాళ్లావిడ కాఫీ ఇచ్చింది, పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నామంది, నేనొక సంబంధం చెప్పాను. పనీ అయింది, పెళ్లీ అయింది. ఇప్పటి వీసాకు ఎవరి ఇల్లూ ఎక్కక్కర్లేదు. ఎక్కనక్కర్లేకపోవడమే సుఖమని మావాడి వాదన.

వియత్నామే ఎందుకంటే కారణం ఉంది. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా చంపా రాజ్యం గురించి పిల్లలకు చెప్పేవాణ్ణి. ఇప్పటి మధ్య వియత్నాం, దక్షిణ వియత్నాం తీరంలో చాలా భాగం ఒకప్పుడు చంపా. అందులో ప్రాంతాల పేర్లు వినండి: అమరావతి, విజయ, కౌఠార, పాండురంగ. వాళ్ల అమరావతి అంటే దానాంగ్, హోయాన్ చుట్టుపక్కల నేల. మన అమరావతిలో, అమరేశ్వరుడి గుడి వీధిలో పుట్టినవాడు చచ్చేలోగా రెండో అమరావతి చూడాలా వద్దా?

మా రోజుల్లో ప్రయాణమంటే ముందు తువ్వాలు. గుంటూరు బస్టాండులో అమరావతి ఆర్డినరీ ఇంకా ప్లాట్‌ఫాం మీదికి రాకుండానే, పక్కన పరిగెత్తుతూ కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడేయాలి. ఆ తువ్వాలు రిజిస్ట్రీ అయిన దస్తావేజుతో సమానం. దాన్ని తీసి పక్కన పెట్టి కూచున్నవాడు ఆ రోజు దెబ్బలన్నా తినేవాడు, బంధువన్నా అయ్యేవాడు. లాం దాటేలోపు పక్కవాడు "ఏ ఊరు, ఎవరి తాలూకు" అని అడిగేసేవాడు. లేమల్లె వచ్చేసరికి మీ మేనమామకు వాళ్ల బావమరిది ఎకరం కౌలుకిచ్చిన సంగతి బయటపడేది. కండక్టరు చిల్లర లేదని టికెట్టు వెనక అంకె వేసిచ్చేవాడు. దిగేముందు అది వసూలు చేసుకోవడం మరో యుద్ధం.

ఏరు దాటాలంటే ఇంకా ఆలస్యం. మాదిపాడు రేవులో ముక్త్యాల వెళ్లే బల్లకట్టు అవతలి ఒడ్డున ఉందంటే, అది తిరిగొచ్చేదాకా చెట్టుకింద కూచోవాల్సిందే. అక్కడ నేను నేర్చుకున్న రాజకీయం ఏ పత్రికలోనూ చదవలేదు. మరచెంబులో నీళ్లు, అడ్డాకులో పులిహోర, అది పక్కవాడితో సగం. ఇవాళ రైల్లో పక్కవాడు బిస్కెట్టిస్తే మత్తుమందేమోనని చూస్తున్నాం. అది మాత్రం నిజంగా చూడాల్సిందే లెండి.

సరే, వియత్నాం. హనోయ్‌లో దిగామో లేదో మావాడు ఫోనులో రెండు పొడుపులు పొడిచాడు. కారొచ్చింది. డ్రైవరుకు మేమెక్కడికి వెళ్లాలో ముందే తెలుసు, ఎంతివ్వాలో మాకు ముందే తెలుసు. ఇక ఇద్దరికీ మాటెందుకు? ముప్పావుగంట నోరు మూసుకుని కూచున్నాను. రూపాయికి అటూ ఇటూగా మూడొందల డాంగులొచ్చే దేశంలో బేరమాడితే ఎంత వైభోగంగా ఉండేది! "నాలుగు లక్షలా? రెండు లక్షలకొస్తావా?" అని జన్మలో ఒక్కసారి అనే అవకాశం పోయింది.

ఒకప్పుడు అక్కడ సైక్లోలు ఊరంతా తిరిగేవి. మన రిక్షాకు తిరగేసిన బొమ్మ అది. జనం ముందు కూచుంటారు, తొక్కేవాడు వెనక. గుద్దుకుంటే ముందు మన మోకాళ్లే. ఇప్పుడవి యాత్రికుల సరదాకు మిగిలాయి. మోటారు సైకిల్ టాక్సీని "సే ఓమ్" అంటారు, 'వాటేసుకునే బండి' అని అర్థం. ఇప్పుడా పనిలో పచ్చ జాకెట్ల గ్రాబ్ కుర్రాళ్లే కనిపించారు. డెబ్భై నాలుగేళ్ల వయసులో ఒకణ్ణి వాటేసుకుని హనోయ్ పాత బజారంతా తిరిగాను. ఆ కుర్రాడు ఒక్క మాటన్నా మాట్లాడితే ఒట్టు.

రోడ్డు దాటడంలో మాత్రం మావాడు నా ముందు దిగదుడుపే. అక్కడ మోటారు సైకిళ్లు చీమల బారులా వస్తుంటాయి. వాడు ఖాళీ కోసం పది నిమిషాలు చూస్తూ నిలబడ్డాడు. అది గేదెల మందలోంచి నడవడమేరా అబ్బాయ్ అన్నాను. ఆగకూడదు, పరిగెత్తకూడదు, ఒక్క నడకన పోవాలి, అవే తప్పుకుంటాయి. తప్పుకున్నాయి. అవతలి గట్టున నిలబడి వాడికోసం మళ్లీ చూశాను.

హ్యూ నుంచి దానాంగ్‌కు రైలెక్కాం. హనోయ్ నుంచి సైగాన్ దాకా 1,726 కిలోమీటర్ల లైను, 1936లో పూర్తయింది. యుద్ధంలో ముక్కలైతే 1976 చివరికి మళ్లీ కలిపారు. ఇప్పటికీ మీటరు గేజే. కూచోగానే ఆ ఊపు నా నడుముకు తెలిసిపోయింది, మా పాత గుంటూరు-మాచర్ల బండి ఊపు! ఒకవైపు కొండ, ఒకవైపు కిందెక్కడో సముద్రం, మధ్యలో పెట్టెలు పాములా వంగుతున్నాయి. మాచర్ల బండికి సముద్రం లేదనేగానీ, మిరప కల్లాలుండేవి. ఇంత దృశ్యం కిటికీలో పెట్టుకుని మావాడు ఏం చూస్తున్నాడయ్యా అంటే, ఫోనులో రైలెక్కడుందో చూస్తున్నాడు. నువ్వు అందులోనే ఉన్నావురా అన్నాను.

రాత్రి బస్సు ఇంకో విడ్డూరం. గుళ్లోకి పోయినట్టు చెప్పులు విప్పి సంచిలో వేసుకుని ఎక్కాలి. లోపల అరల్లో పరుపులు, కాళ్లు చాపి పడుకోవడమే. పక్కవాడి మొహం కనపడదు. తువ్వాలు వేసే పనే లేదు, అర మీద నంబరుంటుంది. నిద్ర మాత్రం బాగా పట్టిందని ఒప్పుకుంటాను. మావాడితో అనలేదు.

మీ సన్ గుళ్లకు పోయాం. నాలుగో శతాబ్దంలో చంపా రాజు భద్రవర్మ భద్రేశ్వరుణ్ణి నిలిపిన చోటు. 1969లో అమెరికా బాంబులు అసలు గోపురాన్ని కూల్చాయి. మన పురావస్తు శాఖవాళ్లే వెళ్లి కొన్ని గుళ్లు బాగుచేశారు. 2020లో ఆ పనిలోనే ఇసుకరాతి శివలింగం బయటపడింది. అక్కడ దారి తప్పే వీల్లేదు, గేటు నుంచి బ్యాటరీ బండ్లే దించేస్తాయి.

నా మనసంతా దోంగ్ జువాంగ్ మీద. 875లో రెండో ఇంద్రవర్మ కట్టించిన బౌద్ధ విహారం. అంత పెద్ద విహారంలో ఇవాళ మిగిలింది ఇనప ఊతల మధ్య నిలబడ్డ ఒక్క ద్వారం ముక్క. హోయాన్‌లో కారు మాట్లాడుకుని పోయాం. ఫోను మమ్మల్ని పొలాల మధ్య ఒక డొంక చివరికి తీసుకెళ్లి "చేరుకున్నారు" అంది. ఎదురుగా వరిచేను. డ్రైవరు ఫోను చూశాడు, మావాడు ఫోను చూశాడు, రెండు ఫోనులూ చేనునే చూపిస్తున్నాయి.

నేను దిగాను. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, పాదాలతో గీరుతూ ఒకామె తిరుగుతోంది. అచ్చం మన దగ్గరలాగే! భాష రాదు. రెండు చేతులూ పైకెత్తి గోపురం ఆకారం పెట్టి, "బుద్ధుడు" అని కళ్లు మూసుకుని ధ్యానం చేసి చూపించాను. ఆమె విరగబడి నవ్వింది. "థాప్ సాంగ్" అంది. కాళ్లకింద ధాన్యం వదిలేసి మాతో పావు కిలోమీటరు నడిచొచ్చింది. దారంతా నన్ను "ఓంగ్, ఓంగ్" అని పిలుస్తూనే ఉంది. దానర్థం తాత అని మావాడు ఫోనులో చూసి చెప్పాడు. అక్కడ నువ్వు, మీరు అనే గొడవ తక్కువట, అవతలి మనిషిని తాత, మామ్మ, బాబాయ్, చెల్లి అని వరసపెట్టే పిలుస్తారట. తొమ్మిది రోజుల్లో ఈ దేశం నాతో మాట్లాడింది ఆ పావు కిలోమీటరే.

ఆ విహారం చోట 1911లో దొరికిన కంచు బుద్ధుణ్ణి సైగాన్ మ్యూజియంలో చూశాం. నాలుగడుగులకు ఓ పిసరు తక్కువ. కుడి భుజం మీద బట్ట లేదు, ఎడమ భుజం మీంచి జారే ఆ మడతలు మన అమరావతి పద్ధతికి దగ్గరని పండితులు ఎప్పటినుంచో అంటున్నదే. మా అమరావతి స్తూపం పలకల్లో ఎక్కువ భాగం చూడాలంటే చెన్నై పోవాలి, లేదా లండను. మా పోలిక చూడాలంటే సైగాన్. ఊళ్లో ఉన్నవాళ్లకు ప్రధానంగా మిగిలింది మట్టిదిబ్బ, దాని చుట్టూ కంచె.

తిరుగు ప్రయాణంలో విజయవాడలో అర్ధరాత్రి దిగి కారెక్కాం. నాకు కునుకు పట్టింది. లేచేసరికి విశాలమైన రోడ్డు, వరసగా దీపాలు, పురుగు లేదు. "వచ్చేశాం సార్, అమరావతి" అన్నాడు డ్రైవరు. 2015లో రాజధానికి శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచీ మాకీ బాధే. మా ఊరి పేరు పట్టుకుపోయి ఇక్కడ పెట్టారు. 2022లో జిల్లాలు విడగొట్టి మమ్మల్ని పల్నాడులో వేశారు, మా పేరు మాత్రం గుంటూరు జిల్లాలో ఉండిపోయింది.

"అద్దం దించు నాయనా" అన్నాను. కాస్త దూరంలో రాత్రి పని కూలీల కోసం ఒక టీ బండి ఉంది.

"పాతూరా, కొత్తదా?" అన్నాడు బండి అతను.

"పాతది. అమరేశ్వరుడిది."

"తుళ్లూరు మీదుగా వైకుంఠపురం పట్టుకోండి. గుడికాడ ఎవరింటికి, ఎవరి తాలూకు?"

నేను కారు దిగాను. లోపల్నుంచి మావాడు "తాతయ్యా, ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది, ఎక్కు" అంటున్నాడు. అప్పటికే ఆ మనిషి వాళ్ల పెదనాన్న నా దగ్గర ఏడో తరగతి చదివాడని తేల్చేశాడు. రెండో టీ డబ్బులు వద్దంటున్నాడు.