అమ్మమ్మ మిషనుకు కాయకల్పం

అటక మీదో వసారా మూలో పాత సింగరో ఉషానో పడి ఉన్న ప్రతి ఇంటికీ ఈ సలహాలు పనికొస్తాయి. మొట్టమొదటి జాగ్రత్త: మిషను కుడుతోందో లేదో చూడకండి. చూస్తే కుడుతుందేమో! ఇక మరమ్మతుకు సాకేముంటుంది?

ముందు వయసు తేల్చాలి. సింగరయితే ఇనప పీఠం మీద సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని కంపెనీ జాబితాలతో పోల్చితే ఏ ఏడాది, ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో తెలిసిపోతుంది. అలా తెలుసుకుంటే ధర పడిపోయే ప్రమాదం ఉంది. కొన్ని మిషన్ల మీద నీలం అంచు బిళ్ల ఒకటి ఉంటుంది, 1851–1951 అని. ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు తీసుకున్నాడు గనక నూరేళ్ల పండగకి కంపెనీ వేసిన బిళ్ల అది. రెండో అంకె మీద బొటనవేలు పెట్టి ఫొటో తీయండి. మీ మిషను క్షణంలో సిపాయిల తిరుగుబాటు కంటే పాతదైపోతుంది.

ధర మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. 2009లో సౌదీలో పాత సింగర్ మిషన్లలో 'రెడ్ మెర్క్యురీ' అనే మహత్తర పదార్థం ఉందని పుకారు లేచి, ఒక్కో మిషనుకి రెండు లక్షల రియాళ్ల దాకా పలికాయని వార్తలొచ్చాయి. సూది దగ్గర సెల్‌ఫోను పెడితే లైను కట్ అవ్వాలి, అదీ పరీక్ష. అలాంటి పదార్థం లేదని పోలీసులు చెప్పారు. పోలీసులకేం తెలుసు? మీరూ పెట్టి చూడండి. కట్ అయితే టవరును మాత్రం అనుమానించకండి.

ఇప్పుడు శుభ్రం చేయటం. ఆ నల్లటి ఒంటి మీద బంగారు పూలు, లతలు, కంపెనీ పేరు కనిపిస్తున్నాయి కదా. అవి అంటించిన బొమ్మలు. వాటిని కాపాడేది పైనున్న సన్నటి లక్క పూత. స్పిరిట్టు తగిలినా థిన్నర్ తగిలినా ఆ పూత కరిగి గుడ్డకి అంటుకొస్తుంది. మురికితో పాటు పూలు కూడా వచ్చేస్తే, ఎంత బాగా తోమామో ఇంటిల్లిపాదికీ గుడ్డ చూపించి నిరూపించవచ్చు. మెత్తటి గుడ్డకి మిషన్ ఆయిలే కాస్త రాసి ఓపిగ్గా తుడిచేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి సాయంత్రానికి పని తెమలదు. పూలు పోయాక ఎలాగూ ఎమరీ పేపరు పట్టి ఏ ఆకుపచ్చ రంగో కొట్టేస్తారు. నూనె రంధ్రాల్లోకి కూడా రంగు పోనిస్తే పని నిండుగా ఉంటుంది.

యంత్రాలంటే పడని గాంధీగారు కూడా 1924లో సింగర్ కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారు. దానికి ఏ నూనె వెయ్యాలో మాత్రం చెప్పలేదు కాబట్టి వంటింట్లో ఏది ఉంటే అది వెయ్యండి. కొబ్బరినూనె శ్రేష్ఠం. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది గనక ధనుర్మాసంలో తెల్లవారుజామున మిషను కూడా ముసుగుతన్ని పడుకుంటుంది. వేరుశెనగ నూనె అయితే కొన్నాళ్లకి జిగురై, కీళ్లన్నీ పట్టేస్తుంది. అప్పుడు కిరసనాయిలు పొయ్యండి. ఎండిన జిగురుని అది నిజంగానే వదలగొడుతుంది. అక్కడితో ఆపెయ్యాలి, ఆ తర్వాత మిషన్ ఆయిల్ వెయ్యకూడదు. వేస్తే ఇనుము ఇనుముని అరగదీసే ఆ కిచకిచ వినే యోగం పోతుంది.

చక్రం తిరగట్లేదా? సుత్తి. నూనె వేసి రెండు రోజులు ఊరుకోవటం సోమరుల పద్ధతి. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పగిలితే లోపలి సంగతి ఇంకా బాగా కనిపిస్తుంది.

కనిపించాక విప్పండి. ఫొటోలు తీయకుండా, మరలన్నీ ఒకే పళ్లెంలో పోస్తూ. పెద్ద చక్రం మధ్య మరకింద చెవులున్న వాషరు ఒకటి ఉంటుంది. బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆడకుండా చక్రాన్ని విడిపించేది అదే. దాన్ని సగం చుట్టు అటుదిటుగా పెడితే చక్రం బిగుసుకోదు, లేదా వదలదు. మళ్లీ తీసి తిప్పి పెడితే సరిపోతుందని మెకానిక్కులకి తెలుసు. మీకు తెలియాల్సింది ఒక్కటే: ఈ పాటికి మోటారు కొనే వేళయింది.

అసలు విద్య టెన్షన్ దగ్గర ఉంది. గుడ్డ కింద దారం పక్షిగూడులా చిక్కుపడుతుంటే నూటికి తొంభైమంది బాబిన్ కేసు మీద పడతారు. మీరూ పడండి. నిజానికి కింద చిక్కు కనిపించిందంటే తప్పు పైదారానిదే. ఫుట్ దించి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యకి దిగదు, ఫుట్ ఎత్తినప్పుడే ఆ బిళ్లలు విడతాయి. ఇంత తేలిక కారణాన్ని నమ్మితే మన ప్రతిష్ఠ ఏం కాను? బాబిన్ కేసు మీది చిన్న మరని తిప్పుతూనే ఉండండి, ఊడి కింద పడేదాకా. అది దొరకదు. చీపురుకి కూడా దొరకదు.

ఇన్ని చేశాక కూడా కుట్లు తప్పుతుంటే షటిల్ అరిగిందని తేల్చెయ్యండి. సూదిని తాకకండి. మొండిదైనా, వంకరదైనా, ఫ్యాక్టరీ మిషన్లకి వాడే గుండ్రటి కాడ రకమైనా, పాత సూదికే విశ్వాసం ఎక్కువ. పొడుగు గాడి దారం వచ్చే వైపు, చదును భాగం షటిల్ వైపు ఉండాలన్న నియమం కొత్తవాళ్లని భయపెట్టడానికి పుట్టింది. గుడ్డని జరిపే పళ్ల కింద గడ్డకట్టిన దుమ్ముని కూడా కదిలించవద్దు, పాత మిషను అనటానికి మిగిలిన రుజువు అదొక్కటే.

చివరికి ఇనప కాళ్లు మిగులుతాయి. పైన గాజుపలక వేస్తే కాఫీ బల్ల అవుతుంది.

ఒక్క హెచ్చరిక. మీ వీధి చివర పాత మెకానిక్ ఎవరైనా మిగిలి ఉంటే, పని మొదలుపెట్టే ముందు ఆయన కంట పడకండి. కొత్త సూది పెట్టి, పళ్ల కింద దుమ్ము తీసి, నాలుగు చుక్కల నూనె వేసి, దారం మళ్లీ ఎక్కించి పోతాడు. మిషను ఇంకో ముప్ఫై ఏళ్లు కుడుతుంది.