బీరువాలో పాత నడుం

2007లో ‘యమదొంగ’ కోసం జూనియర్ ఎన్టీఆర్ చిక్కి సగమయ్యారు. 2015లో ‘సైజ్ జీరో’ కోసం అనుష్క లావై, తగ్గడానికి తిప్పలు పడ్డారు. వాళ్ల కొలతలు చూసుకోడానికి కాస్ట్యూమ్ డిజైనర్లున్నారు.

మనకున్నది బీరువా! పది కిలోలు తగ్గిన పెద్దమనిషి నలభై నడుం ప్యాంటు వదలడు. ‘మళ్లీ లావైతే?’ అంటాడు. డైటు మీద లేని నమ్మకం సంక్రాంతి అరిసెల మీద దండిగా ఉంది మరి.

అదే లుంగీకి, పంచెకు, చీరకు నంబరుండదు. మనిషి చిక్కితే ఇంకో మడత, అంతే.

ప్యాంటు వీరులారా! ఆర్నెల్లు బరువు నిలిస్తే పాతవి ఇచ్చేయండి. ఉతికి, ఊడిన గుండీలు కుట్టి మరీ ఇవ్వండి.