ఊపిరాడే తీగ

ఊళ్లో అందరూ నన్ను మోటారు వైరనుకుంటారు. మోటారు వైరులో కరెంటొక్కటే పారుతుంది. నాలో గాలి కూడా ఆడాలి.

కరీంనగర్‌కు కాస్త అవతల ఒక బడి వెనక, భూగర్భజలాల మట్టం చూసే బోరులో వేలాడే కేబుల్‌ని నేను. ఈ బోరులో నీళ్లెవరూ తోడరు. కింది కొసన సెన్సర్, పై కొసన లెక్క రాసుకునే డబ్బా. దగ్గర్లోని దిగువ మానేరు డ్యాం నిండుమట్టం 920 అడుగులు, పట్టేది 24 టీఎంసీలు. ఎంత నిండిందో పేపర్లో వస్తుంది. 2022 జులై వరదల్లో కడెం ప్రాజెక్టు గేట్ల వైపు రాష్ట్రమంతా గుడ్లప్పగించి చూసింది. రాతి పగుళ్లలోని నీళ్లకు అంత వైభవమెక్కడిది? యాసంగి నాట్లకు మోటార్లు నడిస్తే అవి చప్పుడు లేకుండా దిగిపోతాయి.

సెన్సర్ చూసేది తన మీదున్న నీళ్ల ఒత్తిడి. ఆ నీళ్ల మీద గాలి కూడా కూచుని ఉంటుంది. దాని ఒత్తిడి తక్కువేం కాదు, పది మీటర్ల నీళ్లంత! అందుకే నా కడుపులో వైర్ల పక్కన సన్నటి గొట్టం పెట్టారు. బయటి గాలి అందులోంచి సెన్సర్ వెనక్కి చేరుతుంది. ముందు గాలికి వెనక గాలి చెల్లు, మిగిలేది నీళ్ల లెక్క.

నన్ను సెన్సర్‌కు కలిపిన రోజు ఇద్దరొచ్చారు. చిన్నాయన తొందరపడి పిన్నులు గుచ్చబోయాడు.

“ఆగు తమ్మీ, గాడి సూసుకొని పెట్టు. బలిమి జేస్తె పిన్ను వంగుతది.”

పెద్దాయన రబ్బరు రింగు తుడిచి, గోటితో తడిమి, వేలికొసతో పల్చగా గ్రీజు రాశాడు. అక్కడ ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా నీళ్లు దారి చేసుకుంటాయి. తిన్నగా నొక్కి, ఆ తర్వాతే మర తిప్పాడు.

“టేపు సుడదామా అన్నా?”

“మోటరు జాయింటా ఇది? రింగు ఆపని నీళ్లను టేపు ఆపుతదా? అటు ఎక్కువ వంచకు, లోపటి గొట్టం ఒత్తుకపోతది.”

అంత పదిలంగా కలిపినా ఒక వానాకాలం నేను అబద్ధమాడాను. గొట్టం పై కొసన తేమ పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగింది. చాన్నాళ్లు ఎవరూ మార్చలేదు. గొట్టంలో నీటి చుక్క అడ్డుపడి ఊపిరి ఆగింది. ఇంతలో అల్పపీడనం పట్టింది. బయట గాలి ఒత్తిడి పది మిల్లీబార్లు తగ్గితే, లోపల చిక్కిన పాత గాలి తగ్గలేదు. ముసురు పట్టిన ఊళ్లో, బోరులో నీళ్లు పది సెంటీమీటర్లు దిగాయని నేను కబురు పంపాను! కనెక్షన్ తెగి ఉంటే వెంటనే పట్టుకునేవారు. నమ్మేటట్టున్న అబద్ధం నెలల తరబడి నడిచిపోతుంది. చివరికి పెద్దాయనే వచ్చి చేతి టేపు దింపి చూశాడు, రెండు లెక్కలూ కలవలేదు. గొట్టం ఆరబెట్టి, కొత్త జెల్ పెట్టి వెళ్లాడు.

మీ ఊరి బడి వెనక మూత ఊడిన ఇలాంటి పైపు కనిపిస్తే, అందులో రాళ్లు వేయొద్దని పిల్లలకు చెప్పండి. అడుగున సెన్సర్ ఉండొచ్చు.